రోమ్ ట్రిప్: ఏ సెలవుల్లో వెళ్లాలి, ఏ పేటలో దిగాలి, ఎక్కడ తినాలి

రోమ్ వెళ్దామనుకోగానే ఎవరైనా ముందు రాసుకునేది చూడాల్సిన వాటి లిస్టు. కొలోసియం, వాటికన్, పాత రోమన్ గుడి పాంథియన్, ట్రెవీ ఫౌంటెన్. ఎవరు రాసినా ఆ లిస్టు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి దాని మీద బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఏ నెలలో వెళ్తున్నాం, ఏ పేటలో దిగుతున్నాం, పగలంతా తిరిగి కాళ్లు లాగేస్తున్న వేళ ఎక్కడ కూర్చుని తింటాం అన్నవి మాత్రం కాస్త తీరిగ్గా ఆలోచించాలి. ఒకే ఖర్చుతో వెళ్లొచ్చిన రెండు కుటుంబాల్లో ఒకరు మళ్లీ ఎప్పుడు వెళ్దామా అని చూస్తారు, ఇంకొకరికి జనం, ఎండ, క్యూలే గుర్తుంటాయి. ఆ తేడా వచ్చేది ఇక్కడే.

ఇందులో నేను గట్టిగా చెప్పేది బస గురించి. రోమ్‌లో హోటల్ ఎంచుకునేటప్పుడు సాయంత్రాలను దృష్టిలో పెట్టుకోండి. పగలు ఎక్కడున్నా టికెట్ టైముకి మెట్రోనో బస్సో పట్టుకుని వెళ్లిపోతాం. రాత్రి ఎనిమిది దాటాక ఊరి తీరే మారిపోతుంది. టూర్ గ్రూపులు పల్చబడతాయి, నల్లరాయి పరిచిన సందుల్లో లైట్లు వెలుగుతాయి, ఫౌంటెన్ల చప్పుడు వినిపించడం మొదలవుతుంది. పియాజ్జా నవోనా అనే పెద్ద కూడలి నుంచి పాంథియన్‌కి, అక్కణ్నుంచి ట్రెవీకి పదేసి నిమిషాల నడక కూడా ఉండదు. తొందర లేదు. నవోనా మధ్యలో శిల్పి బెర్నీనీ 1651లో పూర్తి చేసిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది. ఆ నాలుగు నదుల్లో ఒకటి మన గంగ. పొడవాటి తెడ్డు పట్టుకుని కూర్చున్న గడ్డం మనిషి రూపంలో చెక్కారు. పిల్లలకి చూపించి, గంగ ఎవరో కనిపెట్టమనండి. భోంచేసి ఈ దారిలో నడిచి గది చేరుకోగలిగే చోట దిగితే ట్రిప్ సగం గెలిచినట్టే.

వేసవి సెలవులా, దసరానా, సంక్రాంతా?

మన పిల్లల సెలవులు మూడు విడతలుగా వస్తాయి. మూడింటిలోనూ రోమ్ మూడు రకాలుగా ఉంటుంది.

వేసవి సెలవుల్లో వెళ్లేట్టయితే మే మొదటి సగంలోనే వెళ్లండి. వాతావరణం హాయిగా ఉంటుంది, వెలుతురు రాత్రి ఎనిమిది దాకా ఉంటుంది. ఏప్రిల్ 25, మే 1 ఇటలీలో జాతీయ సెలవులు, ఆ చుట్టుపక్కల రోజుల్లో ఇటలీవాళ్లే సగం మంది రోడ్ల మీద ఉంటారు. ఈస్టర్ వారం అయితే వాటికన్ వైపు కాలు పెట్టడం కష్టం. జూన్ సగం దాటాక ఎండ ముదురుతుంది. "మనకి ఎండ కొత్తా?" అనుకుంటాం గానీ, మే నెల మధ్యాహ్నం మనం హైదరాబాద్‌లో ఇంట్లోంచి బయటికి రాం. రోమ్‌లో అదే మధ్యాహ్నం నీడలేని ఫోరం (పాత రోమన్ల ఊరి నడిబొడ్డు) శిథిలాల్లో రెండు గంటలు నడవాలి. జులై, ఆగస్టుల్లో 35 డిగ్రీలు మామూలే. ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండగ. ఆ ముందూ వెనకా చాలామంది భోజన హోటళ్లవాళ్లు మూసేసి సముద్రం వైపు వెళ్లిపోతారు. భోజనం మీద ఆశ ఉన్నవాళ్లు ఆగస్టు జోలికి పోకూడదు.

దసరా సెలవులు అక్టోబర్‌లో పడితే అమ్మానాన్నలని తీసుకెళ్లడానికి అంతకంటే మంచి సమయం లేదు. ఎండ మెత్తగా ఉంటుంది, పలచటి స్వెట్టర్ చాలు. అప్పుడప్పుడు ఒక జల్లు పడుతుంది. రేట్లు మాత్రం తగ్గవు, వసంతంలో ఉన్నంతే ఉంటాయి.

సంక్రాంతికి వెళ్లేవాళ్లు తక్కువ. ఇద్దరే వెళ్లే జంటకైతే నా ఓటు దీనికే. జనవరి 6న వాళ్ల పండగల సీజన్ ముగుస్తుంది. ఆ మర్నాటి నుంచి హోటల్ రేట్లు దిగుతాయి, వాటికన్ మ్యూజియంలో ఊపిరాడుతుంది. పగలు 12 డిగ్రీల దాకా, రాత్రి మూడు నాలుగు డిగ్రీలు. సాయంత్రం ఐదింటికల్లా చీకటి పడుతుంది. చలి పడనివాళ్లకీ, చిన్నపిల్లలున్నవాళ్లకీ ఇది వద్దు.

ఏ పేటలో దిగాలి?

తెర్మిని రైల్వే స్టేషన్ చుట్టుపక్కల హోటళ్లే అందరికీ ముందు కనిపిస్తాయి, ఎందుకంటే చవక. ఎయిర్‌పోర్ట్ రైలు అక్కడికే వస్తుంది, మెట్రో ఎ, బి లైన్లు అక్కడే కలుస్తాయి. పొద్దున్నే వేరే ఊరికి రైలు పట్టుకోవాల్సినవాళ్లకి, ఒకటి రెండు రాత్రులకి పర్వాలేదు. రాత్రిపూట స్టేషన్ పరిసరాలు అంత బాగుండవు, భోంచేసి నడవాలనిపించే వీధులు కావు. నాలుగు రాత్రులుండి రోజూ సాయంత్రం మెట్రోలో అక్కడికి తిరిగొస్తే, మిగిల్చిన డబ్బుకంటే పోగొట్టుకున్నదే ఎక్కువ.

దానికి కాస్త దిగువన, స్టేషన్‌కీ కొలోసియంకీ మధ్యలో మోంటి ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను ముందు చెప్పే పేరు ఇదే. కావూర్ మెట్రో స్టేషన్ ఉంది, కొలోసియంకి నడిచి వెళ్లొచ్చు, చిన్న చిన్న సందుల నిండా తిండి దొరుకుతుంది, రాత్రి పది దాటినా వీధిలో మనుషులుంటారు. ఇబ్బందల్లా ఎత్తుపల్లాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ రాళ్ల వీధుల్లో రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగాలంటే కష్టమే.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ప్రాతి సరిపోతుంది. వాటికన్ పక్కనే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర ప్లాన్ ప్రకారం కట్టిన పేట కాబట్టి వీధులు వెడల్పుగా, చదునుగా ఉంటాయి, ఫుట్‌పాత్‌లు సరిగ్గా ఉంటాయి. మెట్రో ఎ లైన్లో ఒత్తావియానో, లెపాంతో స్టేషన్లున్నాయి. అక్కడ ఉద్యోగస్తుల కుటుంబాలు ఎక్కువ, అందుకే హోటళ్లలో రేటుకి తగ్గ భోజనం దొరుకుతుంది. పాత ఊరి అందం కిటికీలోంచి కనిపించదు. నది దాటితే మాత్రం ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో నడిచి నవోనా చేరతాం.

ట్రాస్తెవెరె ఫోటోల్లో చూసి మనసు పారేసుకోని వాళ్లుండరు. తీగలు పాకిన గోడలు, ఆరుబయట బల్లలు, శాంతా మరియా చర్చి లోపల బంగారు మొజాయిక్. తినడానికి ఒక సాయంత్రం తప్పకుండా వెళ్లండి. పడుకోవడానికి మాత్రం వేరే చోటు చూసుకోండి. మెట్రో లేదు, అర్ధరాత్రి దాటినా కిటికీ కింద గోల ఆగదు. కుర్రకారుకి ఆ గోలే కావాలి, వాళ్ల సంగతి వేరు.

ఇక పాంథియన్, నవోనా మధ్య, పాత ఊరి నడిబొడ్డున దిగితే పైన చెప్పిన సాయంత్రాలన్నీ గుమ్మంలోనే ఉంటాయి. రేటు ఎక్కువ, గది చిన్నది, మెట్రో దగ్గర్లో లేదు. మూడు రాత్రులకి మించి ఉండనివాళ్లు నాలుగు డబ్బులెక్కువైనా ఇక్కడే దిగడం మేలని నా అభిప్రాయం. ఉన్న కాస్త టైమూ ప్రయాణాల్లో పోకుండా ఉంటుంది.

ఎక్కడ బుక్ చేసినా లిఫ్ట్ ఉందో లేదో అడగండి. పాత భవనాల్లో మూడో అంతస్తు అంటే సూట్‌కేసులతో డెబ్బై ఎనభై మెట్లు. హోటల్ బిల్లుకి అదనంగా మనిషికి రాత్రికి సుమారు 4 నుంచి 10 యూరోల దాకా, హోటల్ స్థాయిని బట్టి, సిటీ ట్యాక్స్ కట్టాలి. ఆన్‌లైన్ రేటులో ఇది చాలాసార్లు కలిసి ఉండదు, నలుగురున్న కుటుంబానికి చిన్న మొత్తమేమీ కాదు.

కొలోసియం, వాటికన్, బొర్గేసె

రోజుకి ఒక్క పెద్ద టికెట్ చాలు. పొద్దున కొలోసియం, మధ్యాహ్నం వాటికన్ అని ఒకే రోజులో కుక్కే ప్యాకేజీలు అమ్ముతుంటారు. కొనకండి. రెండూ చూసినట్టే ఉంటుంది, ఒక్కటీ మిగలదు.

కొలోసియం మామూలు టికెట్ 18 యూరోలు. అందులోనే రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కలిసి ఉంటాయి, 24 గంటలు చెల్లుతుంది. 18 ఏళ్ల లోపు పిల్లలకి ప్రవేశం ఉచితం, కానీ వాళ్ల పేరు మీద కూడా టికెట్ బుక్ చెయ్యాలి. 24 గంటల వెసులుబాటుని వాడుకుంటే ఎండాకాలంలో ప్రాణానికి సుఖం. కొలోసియం స్లాట్ మధ్యాహ్నం మూడు తర్వాత తీసుకుని, ఫోరం మర్నాడు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడొచ్చు. నేలమాళిగ చూపించే టికెట్ 24 యూరోలు. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి కాలంలో ప్రారంభమైన కట్టడం అది. అరీనా నేల కింద జంతువులని, ఆయుధాలతో పోరాడే గ్లాడియేటర్లని పైకి ఎత్తే ఏర్పాట్లు ఎలా ఉండేవో ఆ మాళిగల్లో నిలబడితేనే అర్థమవుతుంది. పదేళ్లు దాటిన పిల్లలుంటే ఆ ఆరు యూరోలు అదనంగా పెట్టొచ్చు. చిన్నపిల్లలుంటే అక్కర్లేదు.

వాటికన్ మ్యూజియమా, బొర్గేసె గ్యాలరీనా? రెండింటికీ ఓపిక, సమయం ఉంటే ప్రశ్నే లేదు. ఒక్కటే కుదిరితే, మొదటిసారి వెళ్లేవాళ్లు వాటికన్ మ్యూజియంలోని సిస్టీన్ చాపెల్ వదులుకోరు, వదులుకోమని నేనూ చెప్పను. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా ఆ పైకప్పు మీద బొమ్మలు వేశాడు. అక్కడ ఫోటోలు తీయనివ్వరు, అది మన మంచికే. తల ఎత్తి చూడటం తప్ప చేసేదేమీ ఉండదు. కానీ చాపెల్ చేరేలోపు చాలా దూరం నడవాలి, సీజన్లో జనం తోసుకుంటూ తీసుకెళ్లిపోతారు. టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్ బుకింగ్‌కి 5 అదనం. ఆదివారాలు సెలవు, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు. ఉచితం అనగానే ఆశపడొద్దు, ఆ రోజు రద్దీ చెప్పనలవి కాదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. చుడీదార్, చీర హాయిగా సరిపోతాయి. షార్ట్స్ వేసుకున్న అబ్బాయిలనే ఆపుతారు.

బొర్గేసె దీనికి పూర్తిగా వేరు. రెండు గంటల స్లాట్, లెక్కపెట్టి పంపిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి, సోమవారం సెలవు. ఇక్కడున్న బెర్నీనీ శిల్పాల్లో రోమన్ పురాణాల పాతాళ దేవుడు ప్లూటో, ప్రొసెర్పీనా అనే దేవతని ఎత్తుకుపోతున్నది ఒకటి ఉంది. వెనక వైపుకి వెళ్లి అతని చేతిని చూడండి. వేళ్లు ఆమె తొడలో దిగిన చోట పాలరాయి నిజంగా ఒంటి మీద నొక్కినట్టే లోపలికి పోతుంది. పక్క గదిలో అపోలో చేతికి చిక్కబోయిన డాఫ్నీ చెట్టుగా మారిపోతుంటుంది, ఆమె వేళ్ల కొసలు ఆకులవుతుంటాయి. ఆ రాతి ఆకులు ఎంత పలచగా ఉంటాయంటే వెలుతురు వాటిలోంచి వస్తుందేమో అనిపిస్తుంది. ఇవి చెక్కేనాటికి బెర్నీనీకి ముప్పై కూడా నిండలేదు. రెండోసారి రోమ్ వెళ్తున్నవాళ్లకీ, జనంలో ఉక్కిరిబిక్కిరి అయ్యేవాళ్లకీ, ఎక్కువ నడవలేని పెద్దవాళ్లకీ వాటికన్ మ్యూజియంకంటే ఇదే మేలు. సెయింట్ పీటర్స్ బాసిలికా ఎలాగూ టికెట్ లేకుండానే చూడొచ్చు. మైకెలాంజెలో చెక్కిన పియెటా శిల్పం అక్కడే అద్దం వెనక ఉంటుంది. అంటే వాటికన్ మొత్తాన్ని వదులుకున్నట్టు కాదు. బుధవారం పొద్దున పోప్ దర్శనమిచ్చే వేళ బాసిలికా ముందున్న మైదానమంతా నిండిపోతుంది, ఆ పూట మాత్రం వద్దు. గోపురం ఎక్కాలంటే 551 మెట్లు. లిఫ్ట్ తీసుకున్నా చివరి 320 ఎక్కక తప్పదు.

పాంథియన్‌కి 2023 జులై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు. అయినా సరే, లోపలికి వెళ్లండి. 43 మీటర్ల పైచిలుకు గుమ్మటం, ఇనుప చువ్వ ఒక్కటి లేని కాంక్రీటు, దాదాపు పందొమ్మిది వందల ఏళ్లుగా నిలబడి ఉంది. నడినెత్తిన ఉన్న రంధ్రంలోంచి వాన పడితే నీళ్లు నేరుగా నేల మీద పడతాయి. నేలలో ఉన్న చిన్న చిన్న చిల్లుల్లోంచి బయటికి పోతాయి. వాన రోజు మిగతా ప్లాన్ పాడైతే ఇక్కడికి వెళ్లొచ్చు.

ఎక్కడ తినాలి, ఏం తినాలి

రోమ్‌లో తిండి మూడు రకాలుగా నడుస్తుంది. త్రాత్తోరియా అనే కుటుంబ హోటల్లో కూర్చుని తినడం, పీజ్జా ముక్క కోయించుకుని నిలబడి తినడం, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని వండుకోవడం.

మధ్యాహ్నానికి పీజ్జా ముక్కను మించింది లేదు. పెద్ద పళ్లెం నిండా పొడవుగా కాల్చి పెడతారు. ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కోసి, తూకం వేసి, మళ్లీ వేడి చేసి కాగితంలో పెట్టిస్తారు. మనిషికి 5 నుంచి 8 యూరోలతో కడుపు నిండుతుంది, నాలుగు రకాలు రుచి చూడొచ్చు, ఎదురుచూడక్కర్లేదు. పిల్లలున్నవాళ్లకి ఇది వరం. మంచినీళ్లు కొనకండి. వీధి వీధికీ నసోనె అనే ఇనుప పంపులున్నాయి, చల్లటి నీళ్లు రోజంతా వస్తూనే ఉంటాయి. కింద గొట్టం మూతిని వేలితో మూస్తే పైన ఉన్న చిన్న చిల్లులోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, నోరు పెట్టి తాగొచ్చు.

రాత్రి భోజనం మాత్రం కూర్చునే తినాలి. ఏడు, ఏడున్నరకి ముందు మంచి హోటళ్లు చాలావరకు తెరవవు. ఆరింటికే భోజనం అని బోర్డు పెట్టి, ఫోటోల మెనూతో వీధిలో నిలబడి పిలిచే చోటికి వెళ్లొద్దు. అది టూరిస్టుల కోసం నడిచే కొట్టు. పాస్తా సుమారు 12 నుంచి 16 యూరోలు, మొత్తం భోజనం మనిషికి పాతిక నుంచి ముప్పై ఐదు అవుతుంది. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, అదే కప్పు బల్ల దగ్గరికి తెప్పించుకుంటే ఇంకో రేటు. పెద్ద పియాజ్జాల్లో ఆ తేడా రెండు మూడింతలు ఉంటుంది.

రోమ్ అంటే నాలుగు పాస్తాలు: కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా, కాచో ఎ పెపె. మొదటి మూడింటిలో పంది దవడ మాంసం ఉంటుంది. నాలుగోదాంట్లో పెకొరీనో చీజ్, మిరియాలు తప్ప ఇంకేమీ ఉండవు, అందుకే శాకాహారులంతా దాన్నే తింటారు. గుడ్డు కూడా ముట్టని నిష్ఠగలవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. పెకొరీనో రొమానో చీజ్‌ని గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెనెట్‌తో తోడుపెడతారు. అది పట్టింపు ఉన్నవాళ్లకి అర్రబ్యాతా పాస్తా ఉంది. టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి, చీజ్ వెయ్యొద్దంటే వెయ్యరు. మన నోటికి కాస్త కారం తగిలేది కూడా అదే. పీజ్జాల్లో మరినారాకి అసలు చీజే ఉండదు. పక్కన చికోరియా రిపస్సాతా అడగండి, వెల్లుల్లి, మిర్చితో నూనెలో మగ్గించిన కాస్త చేదు ఆకుకూర. చీజ్ తప్ప ఏమీ తినలేకపోయాం అని వాపోయే శాకాహారులు చాలామంది దీని పేరే విని ఉండరు.

గుమ్మడి జాతి పువ్వుల వేపుడుతో మాత్రం జాగ్రత్త. చూడటానికి మన బజ్జీలాగే బంగారు రంగులో ఉంటుంది, లోపల చీజ్‌తో పాటు ఒక చిన్న చేప ముక్క పెడతారు. సుప్లీ అనే అన్నం ఉండల్లోనూ మామూలుగా మాంసం కైమా కలుస్తుంది. "సెన్సా కార్నే, సెన్సా పెషే" అంటే మాంసం, చేప వద్దని. ఈ నాలుగు మాటలు వచ్చేస్తే సగం టెన్షన్ తీరిపోతుంది.

శాకాహారులకి నేను చెప్పే చోటు పాత యూదుల వాడ. అక్కడ కోషర్ అనే యూదుల ఆహార నియమం పాటించే హోటళ్లలో పాలు, మాంసం ఒకే వంటింట్లో కలవవు. పాల వంటకాల హోటల్ ఎంచుకుంటే వంటింట్లోకి మాంసమే రాదు, చేప ఒక్కటి చూసుకుంటే చాలు. ఆర్టిచోక్ మొగ్గని విప్పార్చి రెండుసార్లు నూనెలో వేయించే కార్చోఫి అల్లా జుదియా ఇక్కడి వంటే. బయటి రేకులు చేత్తో విరిస్తే ఫెళ్లుమంటాయి, నడిమి భాగం వెన్నలా ఉంటుంది. రుచి చూడాలంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. శుక్రవారం రాత్రి, శనివారం పగలు ఈ హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయి.

మాంసాహారులకి తెస్తాచ్చో. ఊరి పాత కబేళా 1975 దాకా ఇక్కడే నడిచింది. మంచి మాంసం ఉన్నవాళ్లకి పోతే, పనివాళ్లకి మిగిలిన పేగులు, పొట్ట, తోకలతోనే ఇక్కడి వంట పుట్టింది. బోటీ కూర ఇష్టపడే తెలంగాణ వాళ్లకి ట్రిప్పా అనే వంటకం పరిచయమైన రుచే. అది, తోకతో చేసే కోదా, రెండూ గొడ్డుమాంసమే అని తెలుసుకుని ఆర్డర్ ఇవ్వండి.

నాలుగు రోజులు దాటితే ఇంట్లో పెద్దవాళ్లకి పప్పన్నం మీద గాలి మళ్లుతుంది. అప్పుడు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ పనికొస్తుంది. పియాజ్జా విత్తోరియో పక్కన ఎస్క్విలీనో మార్కెట్‌లో భారతీయ, బంగ్లాదేశీ కొట్ల నిండా బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి దొరుకుతాయి. మోంటిలో దిగినవాళ్లకి నడిచి వెళ్లేంత దూరమే. రోజూ వండుకునే ప్లాన్ మాత్రం పెట్టుకోకండి. ఇంట్లో వంట చేసేవాళ్లకి అది సెలవు కాదు.

ఒక రోజు మిగిలితే

అగ్నిపర్వతం పేలి పూడిపోయిన పాత రోమన్ ఊరు పాంపేయి చూడాలని చాలామందికి ఉంటుంది. రోమ్ నుంచి నేపుల్స్‌కి రైలు గంట పైచిలుకు, అక్కణ్నుంచి ఇంకో రైలు, రోజంతా పోతుంది. ఓస్తియా ఆంతికా కూడా పాత రోమన్ ఊరే, రేవు పట్టణం. పిరమిదే మెట్రో పక్కన ఉన్న స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే సుమారు అరగంట, మామూలు ఒకటిన్నర యూరో సిటీ టికెట్టే చెల్లుతుంది. చెట్ల నీడ ఉంటుంది, జనం తక్కువ. పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబానికి ఓస్తియానే. అగ్నిపర్వతం మీద మనసున్నవాళ్లు పాంపేయి కోసం నేపుల్స్‌లో ఒక రాత్రి ఉండటం నయం.

ఏది ముందు బుక్ చెయ్యాలి?

ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. కొలోసియం టికెట్లు మాత్రం 30 రోజుల ముందే విడుదలవుతాయి. అప్పటికి వీసా చేతిలో ఉండేట్టు చూసుకుంటే టికెట్ డబ్బుల గురించి బెంగ ఉండదు. బస మాత్రం అంతదాకా ఆపకండి, క్యాన్సిల్ చేసుకోగల రేటుకి ముందే తీసుకోండి. మోంటి, ప్రాతిలో మంచి గదులు ముందు పోతాయి. ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి తెర్మినికి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాలు, మనిషికి 14 యూరోలు. నలుగురు ఉంటే రైలుకీ, పాత గోడల లోపలికి ఫిక్స్‌డ్ రేటు ఉన్న ట్యాక్సీకీ ఖర్చు దాదాపు సమానం, సామానుతో ట్యాక్సీయే సుఖం.

కొలోసియం టికెట్ పేరు మీద ఇస్తారు, గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. మనకి ఇంటిపేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనక, ఒక చోట ఒక్క అక్షరమే ఉండటం మామూలు. బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అందులో ఎలా ఉంటే అలాగే టైప్ చెయ్యండి.